అడగకుండా తవ్విన గుంతలు

మా ఊరి గుట్టను పాడు చేసినవాళ్ళలో మొదటివాణ్ణి నేను. మంచి జరగాలనే చేశాను, ఊరంతా చప్పట్లు కొడుతుంటే చేశాను. ఆ పనికి నాకు శాలువా కూడా కప్పారు. ఆ శాలువా కప్పినవాళ్ళకు నిజం చెప్పాల్సిన బాకీ నా మీద ఉంది. ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మాది కొడకండ్ల మండలం. మగ్గాల మండలమని మాకు పేరు. మొండ్రాయి నుంచి ఏడునూతుల దాకా ఎటు నడిచినా ఎర్ర చెలకలు, వాటి నడుమ రాతి గుట్టలు, గుట్టల కింద కుంటలు కనిపిస్తాయి. వాన పడితే గుట్ట నీళ్ళు కుంటలోకి దిగుతాయి, కుంట మత్తడి దూకితే కింది చెరువులోకి పోతాయి. కాకతీయుల కాలం నుంచి ఈ నేల బతికింది ఈ గొలుసుకట్టు మీదనే. ఆ గొలుసులో మొదటి కొక్కెం గుట్ట. ఈ మాట బడిలో పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణి. సాంఘిక శాస్త్రం పంతులును కదా. చెప్పడం వేరు, తెలియడం వేరని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మా గుట్ట చూడ్డానికి గొప్పగా ఉండదు. మోకాలెత్తు బోదగడ్డి, తంగేడు, పరికి, బలుసు, అక్కడక్కడ మోదుగ, రేల, సీతాఫలం పొదలు. ఎండాకాలం ఎండిపోయి మట్టిరంగులో కలిసిపోతుంది. రెవెన్యూ కాగితాల్లో అది బంజరు. కేంద్ర ప్రభుత్వం వేసే బంజరు భూముల అట్లాసులో కూడా పొదలున్న నేలను ఒక తరగతిగా చేర్చి లెక్కగడతారు. కాగితం చెప్పిందే నేనూ నమ్మాను. ఏమీ లేని చోటు, ఎవరికీ పనికిరాని చోటు, మనం పూనుకుంటే అడవి చేయగల చోటు అనుకున్నాను. నా తెలివితక్కువతనం మొదలైంది అక్కడే.

2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు ఉన్నాయని లెక్క తేల్చి, ఏటా కొన్నింటిని బాగు చేస్తామన్నారు. మా గుట్ట కింది కుంట కూడా ఆ లెక్కలోకి వచ్చింది. సర్కారు యంత్రాలు ఒండ్రు తవ్విపోస్తే, రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్లు పెట్టి చెలకలకు తోలుకున్నారు. ఎర్ర నేలల మీద ఆ నల్లమట్టి పరిచిన వేసవి నాకు బాగా గుర్తు. అదే ఏడాది జులై 3న చిలుకూరులో హరితహారం మొదలైంది. రాష్ట్రంలో 24 శాతం ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి తేవాలని లక్ష్యం. కుంట బాగుపడింది, ఇక గుట్ట మీద అడవి పెంచితే మా ఊరికి తిరుగుండదని నాకు నిద్ర పట్టలేదు. ఆ ఉత్సాహం అబద్ధం కాదు. ఈ రోజుకీ దానికి సిగ్గుపడను. సిగ్గుపడేది తర్వాత చేసిన పనులకు.

2016 వానకాలానికి ముందే మనుషులను కూడగట్టాను. యువజన సంఘం పిల్లలు వచ్చారు. నా దగ్గర చదువుకుని హైదరాబాదులో కంప్యూటర్ కొలువులు చేస్తున్నవాళ్ళు ఆదివారాలు బస్సు మాట్లాడుకుని స్నేహితులతో సహా వచ్చారు. ఎండలో అరచేతులు బొబ్బలెక్కేలా గడ్డపారలు పట్టారు. జీవితంలో మట్టి ముట్టని పిల్లలు ఆ సాయంత్రాలు ఎర్రదుబ్బ కొట్టుకుపోయిన బట్టలతో నవ్వుకుంటూ బస్సెక్కేవాళ్ళు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ ప్రేమే. వాళ్ళది సేవాభావం. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్పాల్సినవాణ్ణి నేను. తప్పుగా చెప్పాను.

ముందు జేసీబీ తెప్పించి పొదలన్నీ పీకించాను. తంగేడు, పరికి, బలుసు, గడ్డి అన్నీ పోయాయి. మొక్కలకు అడ్డం వస్తాయనీ, పాములుంటాయనీ అన్నాను. తర్వాత తాడు పట్టి గుట్ట నెత్తి నుంచి కుంట ఒడ్డు దాకా తిన్నగా వరుసలు గీయించాను. కింద నిలబడి చూస్తే బారులు తీరినట్టు అందంగా కనబడాలని నా కోరిక. ఆ వరుసల వెంట అడుగున్నర లోతు గుంతలు. నర్సరీ నుంచి టేకు, కానుగ, నీలగిరి వచ్చాయి. త్వరగా పచ్చబడుతుందని చందాలు పోగుచేసి కోనోకార్పస్ కూడా కొని తెచ్చాం. ఆ మొక్కను పెంచవద్దని తర్వాత రాష్ట్ర ప్రభుత్వమే చెప్పింది. చుట్టూ ముళ్ళతీగ కంచె వేయించాను. గొర్లు లోపలికి వస్తే జరిమానా అని పంచాయతీలో తీర్మానం కూడా చేయించాను. ఈ చివరి పని గుర్తొస్తే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది.

ఎందుకంటే, జేసీబీ వచ్చిన రోజే ఒక కురుమ పెద్దాయన గొంగడి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

“సారూ, పొదలు తీస్తున్నరు. మట్టిని ఎవరు పట్టుకుంటరు?” అన్నాడు.

“చెట్లు పట్టుకుంటయి తాతా,” అన్నాను.

“చెట్టు పెరగనీకె ఏండ్లు వడ్తది. వాన వచ్చే నెలనే వస్తది.”

నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. “గుట్టను మేము మూడు పాళ్ళు జేసుకుంటం సారూ. వానకాలం పైపాలుకు జీవాలను తోలం. గడ్డి ఇత్తనం రాలినంకనే ఎక్కిస్తం. మా తాత నాటి నుంచి గట్లనే.”

ఆ మాట విన్నప్పుడు నాకు అదేమీ గొప్ప విషయం అనిపించలేదు. గొర్లు కాసేవాళ్ళు గొర్ల కోసం చెప్పుకునే మాట అనుకున్నాను. ఒక గుట్టను తరాల తరబడి పాళ్ళు వేసి, గడ్డి గింజ రాలేదాకా ఆగి, ఆ కట్టుబాటు తప్పినవాణ్ణి తమలో తామే మందలించుకుంటూ కాపాడుకోవడానికి ఎంత కలిసికట్టుతనం కావాలో ఆలోచించలేదు. ఊరికి స్వచ్ఛంద సేవకులు కావాలని నేను హైదరాబాదు నుంచి బస్సులో తెప్పించుకుంటున్న రోజున, జీతం బత్తెం లేకుండా ఆ గుట్టకు కావలి కాస్తున్న మనిషి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయనను పొమ్మన్నాను.

2016 సెప్టెంబరు చివరి వారంలో తెలంగాణ అంతటా కురిసిన వానలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. మా గుట్ట మీదా కురిసింది. పొదలు పీకి, నేల కుళ్ళగించి, పై నుంచి కిందికి వరుసలు గీసి పెట్టిన గుట్ట అది. నీళ్ళకు నేను దారులు వేసిపెట్టినట్టయింది. ఒక్కో వరుస ఒక్కో వాగైంది. గుంతల్లో పోసిన మట్టి, మొక్కలు, వాటితో పాటు గుట్ట చర్మంలా పరుచుకుని ఉన్న పైమట్టి అంతా రెండు మూడు రాత్రుల్లో కుంటలోకి దిగింది. ఒక అంగుళం పైమట్టి తయారవడానికి వందల ఏళ్ళు పడుతుందని నేను పిల్లలకు చెప్పే పాఠంలోనే ఉంది.

ఏడాది కిందట ఒండ్రు తీసి బాగుచేసుకున్న కుంటలో మొరం మేట వేసింది. తూము మూసుకుపోయింది. ఒండ్రు అయితే చెలకలో వేసుకోవచ్చు, పంటకు బలం. మొరం ఎందుకూ పనికిరాదు. బడి ముగించుకుని నేను కుంట దగ్గరికి పోయేసరికి ఆయకట్టు రైతులు తట్టా పారా పట్టుకుని అప్పటికే నీళ్ళలో దిగి ఉన్నారు. నీరటి కుటుంబం మనిషి తూములోకి చేతులు పెట్టి రాళ్ళు ఏరుతున్నాడు. దండోరా వేయలేదు, బ్యానరు కట్టలేదు, ఫోటోలు తీసేవాళ్ళు లేరు. పొలం ఉన్నవాళ్ళే కాదు, ఆ కుంట కింద గుంటెడు భూమి లేని కూలివాళ్ళు కూడా వచ్చారు. మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. ఒక్కరు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. పంతులు కదా అని ఊరుకున్నారు. ఆ మర్యాద తిట్టు కంటే బరువుగా ఉంది. నేనూ తట్ట పట్టాను గానీ, ఆ రోజైనా “తప్పు నాది” అని చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆ వెంటనే బతుకమ్మ వచ్చింది. మా ఊరి ఆడవాళ్ళు ఏటా తంగేడు పూలకు ఆ గుట్టకే పోతారు. ఆ ఏడాది గుట్ట మీద తంగేడు లేదు. పొరుగూరి చెలకల గట్ల మీద తిరిగి కొద్దికొద్దిగా కోసుకొచ్చారు. తంగేడు మన రాష్ట్ర పుష్పమని క్లాసులో చెప్పేది నేనే, వేళ్ళతో సహా పీకించిందీ నేనే. సీతాఫలాలు ఏరి జనగామ రోడ్డు మీద బుట్టలు పెట్టుకుని అమ్మే ముసలమ్మలకు ఆ ఏడాది నాలుగు రూపాయలు రాలేదు. చీపురు గడ్డి కోసుకునేవాళ్ళకూ, మోదుగాకు కోసి ఇస్తర్లు కుట్టేవాళ్ళకూ అంతే. పనికిరాని గుట్ట మీద ఇంతమంది బతుకు ఆనుకుని ఉందని, దాన్ని తీసేశాక తెలిసింది. దసరా నాడు, అక్టోబరు 11న, జనగామ జిల్లా ఏర్పడింది. ఎంతో కొట్లాడి తెచ్చుకున్న జిల్లా. ఊరంతా సంబరంలో ఉంటే నేను గుట్ట వైపు చూడకుండా తల వంచుకుని తిరిగాను.

మొక్కల సంగతి త్వరగా చెప్పేస్తాను. మిగిలినవి మరుసటి ఎండాకాలంలో చాలావరకు ఎండిపోయాయి. నీలగిరి, కోనోకార్పస్ కొన్ని నిలిచాయి. వాటి ఆకు జీవాలకు పనికిరాదు, నీడ మనిషికి పనికిరాదు.

2017 జూన్‌లో గొర్ల పంపిణీ పథకం వచ్చింది. 75 శాతం సబ్సిడీ మీద ఇరవై గొర్లు, ఒక పొట్టేలు ఒక యూనిట్. మా ఊరి గొల్ల కురుమల ఇళ్ళకూ మందలు వచ్చాయి. మేపడానికి ఉన్న ఒక్క గుట్ట నా కంచె వెనక ఉంది. జీవాలను దూరం తోలుకుపోయి, పరాయి చెలకల్లో పడి, తిట్లు తిని, కొందరు నష్టానికి అమ్ముకున్నారు. జరిమానా కట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ రసీదుల మీద పంచాయతీ ముద్ర ఉన్నా, ఆలోచన నాదే.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ నేను ఊహించని వైపు నుంచి వచ్చింది. మనుషులు తిరగని గుట్ట మీదికి రాత్రిళ్ళు టిప్పర్లు వచ్చాయి. వెనక వైపు నుంచి మొరం తవ్వుకుపోవడం మొదలైంది. ముందైతే పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా గుట్ట మీద ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. కొత్త టైరు గుర్తు కనబడితే ఊళ్ళోకి కబురొచ్చేది. ఆ కళ్ళను నేనే గుట్ట మీద నుంచి దించాను. కంచె మందలను ఆపింది, టిప్పర్లను ఆపలేదు. మేము చూసుకునేసరికి గుట్టకు ఒక పక్క పెద్ద గొయ్యి పడింది. ఆ గొయ్యి ఇంకా అలాగే ఉంది. అది పూడేది కాదు.

నేను ఏటా చెప్పే పాఠాల్లో పాలకుర్తి చాకలి ఐలమ్మ పాఠం ఒకటి. పాలకుర్తి మాకు పక్క మండలం. కౌలుకు తీసుకుని ఆమె పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు దోచుకుపోవాలని చూస్తే, ఆంధ్ర మహాసభ కార్యకర్తలు వచ్చి ఆ పంట కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చింది కూడా ఆ దేశ్‌ముఖ్‌కు ఎదురు తిరిగిన పోరాటంలోనే. ఈ నేల మీద స్వచ్ఛందంగా కదిలిన మనుషులంటే వాళ్ళు. ఒక రోజు ఆ పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఆ కార్యకర్తలు ఐలమ్మ హక్కు కోసం ఐలమ్మ పొలంలో నిలబడ్డారు. పొలం ఎవరిదో, పంట ఎవరిదో, ఆమెకు ఏం కావాలో వాళ్ళకు తెలుసు. నేను కూడగట్టిన మనుషులను ఎవరికి వ్యతిరేకంగా నిలబెట్టాను? ఆ గుట్టను నమ్ముకున్న కురుమలకు, కుంట కింది రైతులకు, పూలకు పోయే ఆడబిడ్డలకు వ్యతిరేకంగా. జెండా పచ్చగా ఉన్నంత మాత్రాన ఆ పని మంచిదైపోదు. పిల్లలు చూస్తున్నారు. పాఠం పూర్తి చేయలేకపోయాను.

ఆ తర్వాతే నేర్చుకోవడానికి బయలుదేరాను. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990 నుంచి పనిచేస్తోంది. దాని తోడ్పాటుతో ముష్టికోవెల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కల్పవల్లి అనే పేరుతో ఏడు వేల ఎకరాలకు పైగా బంజరు గుట్టలను కాపాడుకున్నారు. దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో అదొకటి. అక్కడ చేసిన పనిలో నాటడం కంటే కాయడం ఎక్కువ. గడ్డికి నిప్పంటుకోకుండా అగ్గి దారులు చెక్కారు, ఊరి మనుషులనే కావలి పెట్టారు, మేతకు కట్టుబాట్లు పెట్టుకున్నారు, కొంత విత్తనం చల్లారు. మిగతాది నేలకు వదిలేశారు. మోడుల్లోంచి చిగుళ్ళు వచ్చాయి. వాగుల వెంట ఈత లేచి బుట్టలల్లేవాళ్ళకు పని దొరికింది. అంత చేసుకున్న నేలలోకి కూడా తర్వాత గాలిమరల కోసం రోడ్లు వేసి గుట్టలు కోశారు. కాగితం మీద అది ఇంకా బంజరే కాబట్టి. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు మా గుట్ట గొయ్యి కళ్ళ ముందుకొచ్చింది.

అంత దూరం అక్కర్లేదు, మా పక్క సూర్యాపేట జిల్లా రాఘవాపురంలోనే దుశ్చర్ల సత్యనారాయణ గారు తన సొంత భూమి 70 ఎకరాలను అడవిగా నిలబెట్టారు. నేలను నేలగా ఉండనిస్తే ఏం మొలుస్తుందో చూడాలంటే అది చూడాలి. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు బతికినంత కాలం జేబుల నిండా విత్తనాలు పెట్టుకుని తిరిగారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

నీళ్ళ సంగతి ఇంజినీరు టి. హనుమంతరావు గారి చతుర్విధ జల ప్రక్రియ గురించి చదివాక తెలిసింది. వాన నీరు, నేలలోని తేమ, భూగర్భ జలం, పైన పారే నీరు, ఈ నాలుగూ ఒకటేనని, పని గుట్ట నెత్తి మీద మొదలుపెట్టి కిందికి రావాలని ఆ పద్ధతి చెబుతుంది. కందకమైనా, రాతి కట్టైనా వాలుకు అడ్డంగా ఉండాలి. నేను వాలు వెంట గీశాను. అడ్డంగా ఉండాలన్న ఈ ఒక్క ముక్క నాకు పుస్తకంలో దొరకడానికి ముందే మా ఊరి ఉపాధి హామీ మేస్త్రీకి తెలుసు. చెలకల్లో అడ్డంగా గట్లు పోసుకునే ప్రతి రైతుకూ తెలుసు.

గ్రామసభలో నిలబడి తప్పు ఒప్పుకోలేదు గానీ, కంచె తీసేయమని నేనే అడిగాను. జరిమానా తీర్మానం రద్దయింది. ఆ కురుమ పెద్దాయన ఇంటికి పోయి అరుగు మీద కూర్చున్నాను. “మీరు చెప్పినట్టే అయింది తాతా,” అన్నాను. “అయిందేదో అయింది సారూ, వానల ముందట రాళ్ళు పేర్చుదాం నడువు,” అన్నాడు. అంతే. ఇంకో మాట లేదు. ఉపాధి హామీ కింద వాలుకు అడ్డంగా కందకాలు తవ్వారు. కురుమలు, రైతులు కలిసి వాగుల్లో రాళ్ళు పేర్చారు. హైదరాబాదు పిల్లలు మళ్ళీ వచ్చారు. ఈసారి ఏ రాయి ఎక్కడ పెట్టాలో పెద్దాయన చెబుతుంటే మోశారు. తంగేడు గింజలు, బోదగడ్డి విత్తనం ఆడవాళ్ళు ఏరి చల్లారు. పైపాలును మూడు వానకాలాలు ఎవరూ ముట్టకూడదని కట్టుబాటు పెట్టింది కూడా జీవాలు ఉన్నవాళ్ళే. గడ్డి వచ్చింది. తంగేడు కొంత వచ్చింది. పరికి, బలుసు తక్కువ. కొట్టుకుపోయిన మట్టి తిరిగి రాలేదు, నా కాలంలో రాదు.

పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన బతికుండగా ఊరందరి ముందు ఆయన మాట నిజమని చెప్పి ఉండాల్సింది.

ఊరుమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి ఊరికి అప్పగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. తీర్పు గట్టిదే. అయినా ఏ ఊళ్ళోనైనా ఆ భూమి నిలిచేది దాని మీద రోజూ నడిచే కాళ్ళ వల్ల. జనగామలోనైనా, మహబూబాబాద్, భూపాలపల్లి వైపైనా ఈ వానకాలం మొక్కలు పట్టుకుని గుట్ట ఎక్కబోయే పిల్లలకు, వాళ్ళను వెంటబెట్టుకుపోయే నాలాంటి పంతుళ్ళకు నాదొక విన్నపం. జులైలో మొక్కతో పోయేముందు మే నెలలో ఒట్టి చేతులతో ఒకసారి పోండి. అక్కడ జీవాలు కాసేవాళ్ళు, కుంట కింద పొలం చేసేవాళ్ళు, పూలకూ పండ్లకూ పోయే ఆడవాళ్ళు ఎవరో కనుక్కోండి. వాళ్ళందరినీ గ్రామసభకు పిలిచి, వాళ్ళు చెప్పింది తీర్మానంలో రాయించండి. వాళ్ళు వద్దన్న చోట ఒక్క గుంత కూడా తవ్వకండి.